అత్త, ఆవిడ నేస్తం, దేశదేశాల కుస్తీలు

పోయిన నెలలో ఒక సాయంత్రం మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. విశాఖపట్నంలో నర్సింగు చదువుతోందట. ఒక చేతిలో కాఫీ గింజల పొట్లం, ఇంకో చేతిలో మట్టి వదలని అల్లం. "నేను అరకు బుద్రి మనవరాల్నండి, కూతురి కూతుర్ని" అంది. ఆ పేరు వినగానే గుమ్మంలోనే ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. టీ తాగడం అయ్యాక కాస్త మొహమాటపడుతూ అసలు సంగతి అడిగింది. "మా అమ్మ ఒకటి చెప్తాదండి. మా అమ్మమ్మ మీ హోటలు వెనకాల మీ అత్తగారితో కుస్తీ పట్టిందట. మేమందరం నవ్వుతాం. మీరప్పుడు అక్కడే ఉన్నారంట కదా, నిజమేనా?"

నిజమేనని చెప్పాను. కానీ ఒక్క ముక్కలో తేలిపోయే సంగతి కాదది. ఇద్దరు నడివయసు ఆడవాళ్లు పట్టపగలు ఇసకలోకి ఎందుకు దిగారో తెలియాలంటే టర్కీ నించి, ఆఫ్రికా నించి, జపాను నించి చెప్పుకురావాలి. ఆ పిల్లకి ఆ సాయంత్రం చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను, ఇంకొంచెం తీరిగ్గా.

అరకులో రైల్వే స్టేషను నించి సంతబయలుకి పోయే దారిలో మా హోటలు ఉండేది. హోటలంటే రేకుల కప్పు, కొన్ని బల్లలు, ముందు టీ పొయ్యి, వెనక వంటిల్లు, ఆ పక్కన మేం ఉండే గదులు. మా నాన్నది విజయనగరం దగ్గర పల్లె. పెళ్లయిన కొత్తలో అమ్మనీ, తన అక్కనీ వెంటబెట్టుకుని కొండెక్కి ఆ హోటలు పెట్టాడు. ఆ అక్కే మా అప్పలకొండత్త. చిన్నతనంలోనే భర్త పోయాడు, పిల్లల్లేరు. మా అమ్మ నెమ్మదస్తురాలు, గిన్నె కింద పెట్టినా చప్పుడయ్యేది కాదు. అత్త అలా కాదు. పొడగరి, వెడల్పాటి భుజాలు. పిండి బస్తాలు వస్తే దించడానికి ఎవరినీ పిలిచేది కాదు. అందరికంటే ముందు లేచి, తడి కట్టెలని తిట్టుకుంటూ పొయ్యి రాజేసేది. రుబ్బురోట్లో నానిన మినప్పప్పు, మరుగుతున్న టీలో దంచి వేసిన కొండ అల్లం, కట్టెల పొగ, ఇవన్నీ కలిసిన ఒక వాసన మా బట్టలకి ఎప్పుడూ ఉండేది. చలికాలం పొద్దున్న లోయంతా మంచు కమ్మి ఎదుటి మనిషి కనబడనప్పుడు, జనం ఆ వాసన పట్టుకునే మా హోటలుకి వచ్చేవారు.

మా తాత కుస్తీ వస్తాదు. ఊళ్లో తాలింఖానా నడిపేవాడు. నేను పుట్టకముందే పోయాడు కనక ఆయన గురించి నాకు తెలిసిందంతా అత్త చెప్పిందే. గోదాలో ఎర్రమట్టి జల్లించి పోసి, అందులో పసుపూ నూనే మజ్జిగా కలిపి తొక్కేవారట. మగపిల్లలకి పట్లు నేర్పేవాడు. ఆడపిల్ల గోదా గట్టు తొక్కకూడదని నియమం. అత్త పని మజ్జిగ కుండ తెచ్చి గట్టు బయట పెట్టడం. పెట్టి వెంటనే వెళ్లేది కాదు. అలా నిలబడి చూస్తూనే అన్నీ నేర్చుకుంది. అట్టు తిరగేస్తూ తిరగేస్తూ, "ఇలాగ మెడ మీద సెయ్యేసి, ఇలాగ నడుం కింద దూరి" అని అట్లకాడతో గాలిలోనే ఎవరినో ఎత్తి పడేసేది. మా నాన్నకి ఆ కబుర్లు నచ్చేవి కాదు. తాత ప్రసక్తి వస్తే లేచి బయటికి పోయేవాడు. ఎందుకో నాకు చాలాకాలం తెలియలేదు.

నేను హైస్కూల్లో చేరిన రోజుల్లో అరకుకి కేబుల్ వచ్చింది. నాన్న హోటల్లో గోడకి ఎత్తుగా బల్ల కొట్టించి, తలుపులున్న చెక్కపెట్టెలో టీవీ పెట్టించాడు. దాంట్లో అమెరికా కుస్తీలు వచ్చేవి. కండలు తిరిగిన మనుషులు తాళ్ల మీంచి దూకడం, కుర్చీలతో బాదుకోవడం, మైకు పట్టుకుని ఒకరినొకరు తిట్టుకోవడం. అత్తకి ఆ భాష ఒక్క ముక్క రాదు. వాళ్ల పేర్లు నోరు తిరక్క తనే పేర్లు పెట్టుకుంది. ఎర్ర చెడ్డీ వేసుకునేవాడు మిరపకాయ, జుట్టు విరబోసుకునేవాడు జడల దెయ్యం, బట్టతలవాడు కరణంగారు. పొయ్యి దగ్గర నిలబడే కథ చెప్పేది. "అదిగో కరణంగారు ఎనకాల నించి వొస్తన్నాడు, మిరపకాయ సూసుకోడు, ఆడికి పొగరు, ఒరే ఎనక్కి తిరగరా" అని అత్త అంటుంటే జీపు డ్రైవర్లు, సంతకి వచ్చినవాళ్లు, రైలు దిగిన యాత్రికులు టీ చల్లారిపోతున్నా అలాగే కూచునేవారు.

ఆ జనంలో ముందు వరస బుద్రిది. లోయకి ఎగువన ఒక పల్లెలో కాఫీ, రాగులు పండించేవాళ్లు. ప్రతి సంతకీ అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు, పనసకాయలు మోసుకుని దిగేది. పొట్టి మనిషి, పిక్కలు మాత్రం రాళ్లలా ఉండేవి. అత్తా ఆమే నేస్తం కట్టుకున్నారు. మా వైపు నేస్తం కట్టడమంటే ఉత్త స్నేహం కాదు. పసుపు, బియ్యం, కొత్త కోక ఇచ్చిపుచ్చుకోవాలి. ఆ తర్వాత ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, నేస్తం అనే అనాలి. ఒకరింట్లో చావైనా పెళ్లైనా రెండోవాళ్లు ముందుండాలి. సరుకు అమ్ముడైపోయాక బుద్రి మా హోటల్లో ఖాళీ గోనె మీద కూచుని, పొగాకు చుట్ట చెవి మీద పెట్టుకుని, టీవీ చూసి వెళ్లేది. అత్త మిరపకాయ పక్షం. బుద్రి ఎప్పుడూ ఓడిపోయేవాడి పక్షం.

ఒకసారి కాలేజీ పిల్లలు కొందరు విహారయాత్రకి వచ్చి మా దగ్గర టిఫిను తిన్నారు. వాళ్లలో కళ్లద్దాల కుర్రాడొకడు అత్త వ్యాఖ్యానం కాసేపు విన్నాడు. మర్యాదస్తుడే, వెక్కిరించాలని కాదు. "పెద్దమ్మా, వాళ్లు నిజంగా కొట్టుకోరండి. ఎవరు గెలవాలో ముందే అనుకుని దిగుతారు. నాటకం లాంటిది" అన్నాడు.

"మరి ఆ రగతం?" అంది అత్త.

"అది కూడా వాళ్ల ఏర్పాటేనండి."

అత్త పొయ్యి మీంచి టీ గిన్నె దించింది. అతని గ్లాసులో ఇంకొంచెం టీ పోసింది. ఆ తర్వాత మూడు నాలుగు సంతలు కుస్తీ వచ్చినప్పుడు కథ చెప్పడం మానేసి, పొయ్యి వదిలి టీవీ కింద నిలబడి చూసింది. వస్తాదు కూతురు కదా, చూడదల్చుకుంటే కనబడకుండా ఎలా ఉంటుంది? గుద్దేవాడు గుద్దుతో పాటు కాలితో నేలని తన్నడం, పట్టులో ఉన్నప్పుడు ఒకడు రెండోవాడి చెవిలో ఏదో చెప్పడం, అన్నీ చూసింది. ఒక సాయంత్రం ఆట మధ్యలో స్టూలెక్కి ఆ చెక్కపెట్టె తలుపులు మూసేసింది. జనం గొణిగారు. పట్టించుకోలేదు.

వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడు అడిగాను. "మోసపోనానని కాదే గుంటా" అంది. "అది సూత్తంటే మా నాయిన గోదా గేపకం వొచ్చీది. ఆ మట్టి వోసనొచ్చీది. ఇప్పుడు సూత్తే ఏటీ రాటం నేదు. ఆ టీవీ కుస్తీతో పాటు అది కూడా పోనాది."

అత్త డీలా పడిపోయింది. చెప్పుకోడానికి ఏ జబ్బూ లేదు. పని ఆపలేదు, కానీ పని చేస్తున్నట్టూ లేదు. సాంబారు ఒకనాడు ఉప్పన, ఒకనాడు చప్పన. బస్తాలు దించడానికి కుర్రాళ్లని పిలవడం మొదలెట్టింది. బుద్రి వస్తే టీ ఇచ్చి పక్కన కూచునేది, మాటలుండేవి కావు. ఒకరోజు అన్నం దగ్గర నాన్నతో అంది, సాలూరు దగ్గర తన అత్తవారి ఊరికి వెళ్లిపోతానని. చనిపోయిన భర్త అన్నగారి పిల్లలు ఎన్నాళ్లనించో రమ్మంటున్నారట. "ఒయసైపోనాది. ఏదో మూల కూకుంటాను" అంది. నాన్న అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "వెనక గది కడదామనుకుంటన్నాం కదప్పా. అది అయ్యేదాకా ఉండు" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. అత్త సరేనంది. నన్ను పెంచింది, జడ వేసింది, జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగింది ఆవిడే. ఆవిడ లేని హోటలు నా ఊహకి అందలేదు.

మా అమ్మ తమ్ముడు రమణ మావయ్య సరుకుల ఓడలో ఇంజను గదిలో పనిచేసేవాడు. సెలవులకి వచ్చినప్పుడల్లా కొండెక్కి అక్కని చూసి వెళ్లేవాడు. ఆయన వంటి నించి ఒకరకం నూనె వాసనా, ఖరీదైన సబ్బు వాసనా కలిసి వచ్చేవి. ఆ మాటు వచ్చినప్పుడు పెరట్లో ఆయన్ని పట్టుకున్నాను.

"మావయ్యా, అన్ని దేశాల్లోనూ కుస్తీ ఉంటుందా?"

"మనుసులున్న చోటల్లా ఉంటాది. ఎందుకే?"

"నువ్వు వెళ్లిన చోటల్లా కుస్తీ క్యాసెట్లు తేవాలి. అమెరికావి వద్దు. వేరేవి."

మావయ్య నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. "ఓడ రేవులో ఆగినప్పుడు అందరూ సెంట్లు, రేడియోలు కొంటారు. నాను కుస్తీలు కొంటానన్నమాట. సర్లే, సూత్తాను" అన్నాడు. మరుసటి సెలవులకి నిజంగానే సంచిలో క్యాసెట్లు తెచ్చాడు. కొన్ని కొన్నవి, కొన్ని ఆయా ఊళ్లలో ఎవరినో బతిమాలి టీవీలోంచి ఎక్కించుకున్నవి. పెళ్లి వీడియోలు తీసే షాపు నించి ప్లేయరు తెచ్చి హోటల్లో పెట్టాం. జపాను క్యాసెట్టు అందులో ఆడలేదు, బొమ్మ కిందికి జారిపోతూ గీతలు గీతలుగా కదిలింది. ఆఫ్రికాది రంగులు పోయి నలుపు తెలుపుల్లో వచ్చింది. టర్కీది ఒక్కటే నిండుగా కనబడింది.

అత్త రానంది. పెరుగు తోడు పెట్టాలట. బుద్రి మాత్రం గోనె సర్దుకుని కూచుంది. పచ్చగడ్డి మైదానంలో పదులకొద్దీ మగవాళ్లు, మోకాళ్ల దాకా తోలు లాగులు, ఒళ్లంతా నూనె. ఒకరి వీపు మీద ఒకరు నూనె పోసుకుని, చేతులు ఊపుకుంటూ నడిచి, కౌగిలించుకుని, అప్పుడు పట్టు పట్టారు. ఎంత పట్టినా జారిపోతోంది. బుద్రి విరగబడి నవ్వడం మొదలెట్టింది. ఆ నవ్వుకి అత్త గరిటె పట్టుకునే తలుపు దగ్గరికి వచ్చింది.

"ఆడి సెయ్యి ఆడి లాగులోకి పెట్టీసినాడేటి?" అంది.

"ఒళ్లంతా నూనె కదత్తా. పట్టు దొరికేది అక్కడేనట. వాళ్ల ఆటలో తప్పు కాదట, మావయ్య చెప్పాడు."

అత్త అలాగే నిలబడిపోయింది. వాళ్లలో ఒక ముసలాయన ఓడిపోయి, గెలిచిన కుర్రాడి నుదురు ముద్దు పెట్టుకున్నాడు. "మా నాయిన కూడా ఓడినప్పుడు ఎదుటోణ్ణి ఎత్తుకునీవోడు" అంది అత్త, ఎవరితోనూ కాకుండా.

తర్వాత ఆఫ్రికాది. సముద్రం ఒడ్డున ఇసక, చుట్టూ డప్పులు, భుజాలకీ నడుముకీ తాయెత్తులు కట్టుకున్న కుర్రాళ్లు. ఆటకి ముందు సీసాల్లోంచి ఏవో నీళ్లు నెత్తిన పోసుకుంటూ డప్పుకి తగ్గట్టు అడుగులేస్తున్నారు. బుద్రి ముందుకి వంగింది. "మా దిసారి కట్టినట్టే కట్టినాడు" అంది. దిసారి అంటే వాళ్ల ఊళ్లో మంచీచెడూ చూసి తాయెత్తు కట్టే పెద్ద. "నేస్తం, ఈళ్లు మా ఊరోళ్ల మాదిరే ఉన్నారు. డప్పు కూడా మాదే." అత్త ఆ మాటకి నవ్వి, గరిటె పక్కన పెట్టి బల్ల మీద కూచుంది. ఎన్నాళ్లకో కూచుంది. ఆ వారమంతా ఆ రెండు క్యాసెట్లూ మళ్లీ మళ్లీ వేయించుకుంది. జడల దెయ్యం లేడు, మైకులో తిట్లు లేవు. ఒకడు పడ్డాడా, ఆట అయిపోయింది. "నడుం కింద నించి పట్టినాడు సూడు, అదీ" అని తనే నాకు చూపించేది. ఒకరోజు జడ వేస్తూ, "ఆ జపానుది ఎప్పుడు ఆడతాది? మీ మావ మళ్లీ ఎప్పుడొస్తాడు?" అంది. రాబోయే రోజుల గురించి అత్త అలా అడిగి చాలాకాలమైంది. నేను అద్దంలో నా మొహం నేనే చూసుకుని నవ్వుకున్నాను.

మావయ్య ఈసారి ఏ దేశం క్యాసెట్టైనా ఆడే ప్లేయరు తెచ్చాడు. అప్పటికి వెనక గదికి పునాదులు తీసి, పెరట్లో లారీ ఇసక పోయించాడు నాన్న. గది అయితే అత్త వెళ్లిపోతుంది. నేను ఆ ఇసక వైపు చూడడమే మానేశాను. ముందు మెక్సికోది వేశాం. ముసుగులు వేసుకున్న మనుషులు తాళ్ల మీంచి పిట్టల్లా ఎగిరారు. అత్త, "ఇది మన కళింగపట్నం సర్కసు మాదిరి ఉన్నాది, కుస్తీ కాదు" అని తేల్చేసింది, అయినా పూర్తిగా చూసింది. జపాను లావుపాటి వస్తాదులది చూసి ఆశ్చర్యపోయింది. ఉప్పు చల్లి, కాళ్లు నేలకేసి కొట్టి, అంత సేపు తయారై, దిగిన మరుక్షణంలో ఒకడు గీత బయట ఉన్నాడు. "అంతేనా? పొయ్యి రాజెయ్యడానికి కూడా ఇంతకంటే సేపు పడతాది" అంది.

అదే క్యాసెట్టు చివర ఇంకో ఆట ఉంది. అది ఉందని మావయ్యకి కూడా తెలియదు. ఇద్దరు ఆడపిల్లలు. ఒకమ్మాయి భారీ మనిషి, ఇంకొకమ్మాయి బక్కపల్చన. భారీ అమ్మాయి రెండో అమ్మాయిని భుజం మీదికి ఎత్తి వీపు కిందికి వచ్చేలా విసిరింది.

"ఆగు" అంది అత్త. "ఎనక్కి తిప్పు."

తిప్పాను. మళ్లీ అంది, మళ్లీ తిప్పాను. చాలాసేపు చూసి, "ఇది కూడా ముందే అనుకున్నదే" అంది.

నేను ప్లేయరు బటను మీద వేలు పెట్టాను. "ఆపెయ్యమంటావా?"

"ఆపమన్నానా? ఆ సిన్న గుంట ఎలా పడ్డాదో సూడు. గెడ్డం గుండెకి ఆనించీసి, రెండు సేతులూ ఒక్క మాటు నేలకి కొట్టినాది. మా నాయిన కొత్తగా వొచ్చినోళ్లకి ముందు పడ్డవే నేర్పీవోడు. పడీసీవోడి సేతిలో పడీవోడి పేనం ఉంటాదనీవోడు. గెలుపంటే ముందే అనుకుంటారు. పడ్డం ఎలా అనుకుంటారే? పడీవోళ్లు పడాల." అత్త గొంతులో పాత అత్త ఉంది.

అప్పుడే నాన్న బయటినించి వచ్చాడు. టీవీ చూశాడు, జనాన్ని చూశాడు. "అప్పా, ఇదేటి? ఆడోళ్లు ఆ బట్టల్తో కుస్తీలేటి, హోటల్లో ఇంతమంది ముందు. ఆపించు."

"ఇన్నాళ్లూ మగోళ్లు సెడ్డీల్తో గెంతితే ఇంతమందీ సూసినారు. అప్పుడు నువ్వు టీలు పోసుకున్నావు."

"పరువు పోతాదప్పా."

"పోతే నాతో పాటు సాలూరు పట్టుకుపోతాన్లే. గుంటా, ఎయ్యి."

వేశాను. నాన్న మొహం గంటు పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయాడు. అత్త ఆ ఆట చివరిదాకా నిలబడే చూసింది. కళ్లలో నీళ్లున్నాయి, కానీ అది ఏడుపు కాదు. చిన్నప్పుడు ఏ గట్టైతే తొక్కకూడదన్నారో ఆ గట్టు లోపల ఇద్దరు ఆడపిల్లలు తిరుగుతున్నారు. అంతమంది చప్పట్లు కొడుతున్నారు. ఎవరూ వాళ్ల చేత మజ్జిగ మోయించడం లేదు. ఇవి అప్పుడు నాకు తట్టిన మాటలు కావు. అప్పుడు నాకు తట్టిందల్లా అత్త సాలూరు వెళ్లదేమోనన్న ఆశ.

తర్వాతి సంత రోజు మధ్యాహ్నం. బుద్రి సరుకంతా బేగి అమ్మేసి వచ్చింది. ఆడపిల్లల కుస్తీ ఇంకోసారి చూశారు ఇద్దరూ. చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి వెళ్లి, ఇసక దగ్గర బుద్రి ఆగింది.

"నేస్తం, ఆ గుంటలు సేసినట్టు మనం సెయ్యలేమేటి?"

అత్త ఇసక వైపు చూసింది. తర్వాత హోటలు వైపు చూసింది. చీర కుచ్చిళ్లు వెనక్కి తీసి గోచీ బిగించింది. బుద్రి చెవి మీది చుట్ట తీసి నా చేతికిచ్చి, తనూ కోక ఎగదోపింది. అత్త వంగి చిటికెడు ఇసక తీసుకుని నుదుటికి అద్దుకుంది. పునాది పని చేస్తున్న మేస్త్రీ తాపీ కింద పెట్టేశాడు. కంచె అవతల నించి సంతకి వచ్చిన ఆడవాళ్లు బుట్టలు దించుకుని నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి వాళ్లకి వ్యవధి దొరకలేదు.

అత్త అన్ని పట్లూ తెలిసిన మనిషి. మెడ మీద చెయ్యి వేసి, అచ్చం తను చెప్పినట్టే నడుం కింద దూరబోయింది. బుద్రికి పట్లు తెలియవు. ఏళ్ల తరబడి కట్టెల మోపులు ఎత్తి కొండెక్కిన మనిషి. గభాలున వంగి అత్త రెండు కాళ్లూ వాటేసుకుని, మోపుని లేపినట్టు లేపి, అవతలికి వదిలేసింది. అంత పెద్ద మనిషి గాలిలోకి లేచింది. గడ్డం గుండెకి ఆనింది. రెండు అరచేతులూ ఒక్కసారి ఇసకని కొట్టాయి. ఎవరూ ఎన్నడూ నేర్పలేదు, చూసి నేర్చుకుంది, మొదటిసారి పడింది, సరిగ్గా పడింది. ఒక్క క్షణం కదల్లేదు. నేను పరిగెత్తబోయాను. అంతలో పడుకునే నవ్వడం మొదలెట్టింది. అలా నవ్వడం నేనెప్పుడూ వినలేదు, చిన్నపిల్ల నవ్వు అది. "ఇంకో మాటు, నేస్తం" అంది.

రెండోసారి అత్త జాగ్రత్తగా దిగింది. నడుం కింద దూరి, తిరిగి, తాత పట్టుతో బుద్రిని వీపు మీదుగా తిప్పి వేసింది. వేస్తూ ఒక చెయ్యి బుద్రి తల కింద పెట్టింది. బుద్రి ఇసకలోంచి లేచి కూచుని, నోట్లో ఇసక ఉమ్మి, "పడ్డం నాకు నేర్పనేదు నువ్వు" అంది. "రా నేర్పుతాను" అంది అత్త. తల తిప్పేసరికి వంటింటి గుమ్మంలో నాన్న. ఎంతసేపటినించి ఉన్నాడో తెలియదు. అత్త గోచీ విప్పుకోలేదు, తల దించుకోలేదు. ఒకరినొకరు చూసుకున్నారు. నాన్న లోపలికెళ్లి పొయ్యి దగ్గర నిలబడి, బజారంతా వచ్చి ఏదో అడుగుతుంటే, తనే అట్లు వేస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున్న అత్త భుజం పట్టేసి లేవలేకపోయింది. నాన్న నువ్వుల నూనె వెచ్చబెట్టి గిన్నె తెచ్చి మంచం పక్కన పెట్టాడు. "గుంటా, రాయి" అని నాతో అన్నాడు. నేను రాస్తుంటే వెళ్లకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "నాయిన నన్ను రోజూ గోదాలోకి దింపీవోడు, గేపకం ఉందా అప్పా?" అన్నాడు. "నాకు బయం. మగపిల్లోడివి, దిగాల్సిందే అనీవోడు. నువ్వేమో గట్టు కాడ నిలబడీదానివి. నాను పడినప్పుడల్లా నీ సేతులు కదిలీవి. నాకు ఒల్లనిది నా నెత్తినెట్టి, నీకు కావాల్సింది నీకివ్వనేదు. అదే అనుకునీవోణ్ణి, పడినప్పుడల్లా."

"ఒరే, నువ్వు మరీ అడ్డదిడ్డంగా పడీవోడివిరా" అంది అత్త. నాన్న నవ్వాడు. తాత మాట వచ్చినప్పుడు నాన్న నవ్వడం నేను చూడడం అదే మొదలు.

ఆ వారంలోనే సాలూరు నించి అత్త భర్త అన్నగారి కొడుకొకడు తీసుకెళ్లడానికి వచ్చాడు. పెసరట్లు పెట్టి, కాఫీ ఇచ్చి, "నాకు ఇక్కడ పని ఉన్నాది నాయినా" అని పంపేసింది. ఇసకంతా గది గోడలకి పోలేదు. ఒక పక్క కొంత మిగిల్చి, మట్టి కలిపించి, నాన్నే చుట్టూ గట్టు కట్టించాడు. నాకు పడడం నేర్పింది అత్త. బుద్రి కూతురికీ నేర్పింది, హాస్టలు పిల్లలు కొందరికీ నేర్పింది. మేమెవరం వస్తాదులం కాలేదు. కానీ నేను జీవితంలో చాలాసార్లు పడ్డాను, గడ్డం గుండెకి ఆనించుకునే పడ్డాను. మావయ్య రిటైరయ్యేదాకా క్యాసెట్లు తెచ్చాడు. మంగోలియాది, ఇరానుది, పేరు తెలియని దీవులది. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, అమెరికావాళ్లని కూడా అత్త క్షమించింది. మిరపకాయ ముసలివాడై రింగు దిగిపోతే బాధపడింది. "పాపం, ఎన్ని వేల మాట్లు పడ్డాడో" అంది.

ఇప్పుడు ఏ దేశం కుస్తీ కావాలన్నా నా ఫోనులో ఉంది. ఆ టర్కీ గడ్డి, ఆ ఆఫ్రికా డప్పులు మావయ్య సంచి కోసం నెలల తరబడి ఎదురుచూడనక్కర్లేకుండా క్షణంలో వస్తాయి. రంగులు పోవు, బొమ్మ జారదు. వెలితిగా ఉంటుందని అనను, నాకు ఇష్టమే, రోజూ చూస్తాను. ఒక్కటే తేడా. బొమ్మ తెరిచేలోపే ఎవరు గెలిచారో దాని కిందే రాసి ఉంటుంది. పక్కన కూచుని చూడడానికి మనిషి ఉండదు. అప్పుడు మాకు దొరికినవి తక్కువ, వాటి చుట్టూ ఉన్న మనుషులు ఎక్కువ.

అత్తా బుద్రీ ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్లని కలిపి తలుచుకుంటే నాకు ముందు కళ్లకి కట్టేది ఇసక కాదు. అది నేను ఉద్యోగంలో చేరాక, సెలవు పెట్టి అరకు వెళ్లిన ఒక ఆగస్టు సాయంత్రం. దేశదేశాలవాళ్లూ పాల్గొనే పెద్ద పోటీల్లో మొట్టమొదటిసారి ఆడవాళ్ల కుస్తీ పెట్టారని తెలిసి, అత్త పొద్దున్నించే పని ఎవరికీ వదలకుండా తనే ముగించుకుంది. బయట వాన. రేకుల మీద చప్పుడుకి టీవీ మాట వినబడటం లేదు. బుద్రి గొడుగు లేకుండా తడుస్తూ దిగి వచ్చింది. ఇద్దరికీ జుట్టు తెల్లబడిపోయింది. గోనె మీద ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని కూచున్నారు. టీవీలో చాప మీదికి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు, ఒకరు ఎరుపు, ఒకరు నీలం. మాకెవరికీ వాళ్ల పేర్లు తెలియవు, వాళ్ల దేశాలు తెలియవు. చేతులు కలిపి, వంగి, ఒకరి చుట్టూ ఒకరు తిరగడం మొదలెట్టారు. అత్త చూపు వాళ్ల కాళ్ల మీదే ఉంది.

"ఎవులు గెలుత్తారు నేస్తం?" అంది బుద్రి.

అత్త టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. ఆవిడ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

"తెల్దు నేస్తం" అంది. "ఎవులికీ తెల్దు."